ఎనిమిదేళ్ళ బాబుకి 15 మిల్లీగ్రాములు ఎక్కువా?

అమ్మా, మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇది. బాబుకి ఎనిమిదేళ్ళు, బరువు 24 కిలోలు. ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం) అని తేల్చి డాక్టరు గారు మెథైల్‌ఫెనిడేట్ 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టారు, మూడు వారాలు తిరిగేసరికి పొద్దున 10, మధ్యాహ్నం 5 చేశారు. పక్కింటి బాబు 34 కిలోలు ఉండి కూడా రోజుకి 10 మాత్రమే వేసుకుంటున్నాడు, మరి మావాడికి ఎక్కువ ఇచ్చేస్తున్నారేమో, కిలోకి ఇంత అని లెక్క ఏదైనా ఉందా అన్నది మీ భయం. దాంతోపాటు, మీ తమ్ముడికి నార్కోలెప్సీ (పగలు ఆపుకోలేనంత నిద్ర ముంచుకొచ్చే జబ్బు) ఉందని, మోడాఫినిల్ 200 చాలట్లేదని తనంతట తనే రెండేసి మాత్రలు వేసుకుంటున్నాడని, మొన్న ఒకరోజు బాబు మాత్ర కూడా ఒకటి ఇమ్మన్నాడని రాశారు.

ముందు సూటిగా జవాబు. ఆ వయసుకి, ఆ బరువుకి 15 మిల్లీగ్రాములు మామూలుగా ఇచ్చే డోసే, ఎక్కువేమీ కాదు. చిన్న డోసుతో మొదలుపెట్టి వారానికి 5 చొప్పున పెంచుకుంటూ రావడమే పద్ధతి, మీ డాక్టరు గారు చేసింది అదే. అయితే బాబుకి ఆ డోసు సేఫా కాదా అన్నది 15 అనే అంకెని చూసి చెప్పలేం. వాడి బీపీ ఎంత, నాడి ఎంత, బరువు తగ్గిందా, రాత్రి ఎన్నింటికి నిద్రపోతున్నాడు, ఇవి తెలిస్తేనే చెప్పగలం. మీ ప్రశ్నలో ఇవేవీ లేవు, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను. ఇక తమ్ముడికి మాత్రం బాబు మాత్ర ఒక్కటి కూడా ఇవ్వకండి. కారణం కింద చెప్తాను.

నేను సైకియాట్రిస్టుని. ఇరవై ఏళ్ళకు పైగా ఈ మందులు రాస్తున్నాను, నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది పిల్లలే.

కిలోల లెక్క సంగతి. జ్వరం మందుకి కిలోకి ఇంత అని కొలిచి ఇస్తాం కాబట్టి దీనికీ అలాగే ఉంటుందనుకోవడం సహజం. పుస్తకాల్లో అలాంటి లెక్క ఉంది కూడా, కానీ అది ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆగాలో ఉజ్జాయింపుగా చెప్పేది మాత్రమే. మధ్యలో ఎవరికి ఎంత సరిపోతుందో బరువు చెప్పదు. కూరలో ఉప్పు తినేవాళ్ళ బరువుని బట్టి వెయ్యం కదా, కొంచెం వేసి, రుచి చూసి, చాలకపోతే ఇంకొంచెం వేస్తాం. ఇదీ అంతే. ఈ మందుని విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటి కాలేయంలో ఉంటుంది, దాని పేరు సీఈఎస్1. అది కొందరిలో చురుగ్గా, కొందరిలో నెమ్మదిగా పనిచేస్తుంది, అది పుట్టుకతో వచ్చే తేడా. అదీకాక మెదడులో ఈ మందు పనిచేసే డోపమిన్, నారడ్రినలిన్ అనే రసాయనాల వ్యవస్థలు ఒక్కో పిల్లవాడిలో ఒక్కో తీరుగా ఉంటాయి. అందుకే నా దగ్గర 52 కిలోల పద్నాలుగేళ్ళ అమ్మాయి ఒకతె రోజుకి 10 చొప్పున రెండుసార్లతో హాయిగా చదువుకుంటోంది, 22 కిలోల బాబు ఒకడికి 25 దాకా వెళ్తే కానీ గుణం కనబడలేదు. ఇద్దరికీ బీపీ, నాడి మామూలుగానే ఉన్నాయి. పక్కింటి బాబు డోసు మీవాడి డోసుకి కొలమానం కాదు, అందువల్ల ఆ పోలిక పక్కన పెట్టేయండి.

పైహద్దు మాత్రం ఉంది. తొందరగా పనిచేసి తొందరగా దిగిపోయే మామూలు మెథైల్‌ఫెనిడేట్‌కి రోజుకి 60 మిల్లీగ్రాములు దాటకూడదని అమెరికా లేబుల్ చెబుతుంది. రోజుకి ఒక్కసారి వేసే లాంగ్ యాక్టింగ్ రకాల్లో బాగా తెలిసిన కాన్సెర్టా 18తో మొదలవుతుంది, ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకి 54 దాకా, ఆపై వయసు వాళ్ళకి 72 దాకా. ఇవి గరిష్ఠ హద్దులు, అక్కడిదాకా వెళ్ళాలని కాదు. మీవాడంత బరువున్న పిల్లవాడికి 60 రాయాల్సిన పని నాకు ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా పడలేదు. అందరికీ ఒకే డోసు ఇచ్చి చూసిన పరిశోధనలన్నీ కలిపి లెక్కేస్తే పిల్లల్లో సగటున 30 మిల్లీగ్రాములు దాటాక లాభం పెద్దగా పెరగలేదు, సైడ్ ఎఫెక్ట్స్ మాత్రం పెరిగాయి. సగటు సగటే కాబట్టి కొందరికి అంతకంటే ఎక్కువ కావాల్సి రావచ్చు, కాని అలా పెంచే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి: అసలు జబ్బు ఇదేనా, నిద్ర సరిగ్గా ఉందా, మందు వేళకి వేస్తున్నారా, బడిలో ఇంకేదైనా ఇబ్బంది ఉందా అని.

ఎక్కువైందని ఎలా తెలుస్తుంది? తల్లిదండ్రులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే, అందుకని దీన్ని కాస్త నిదానంగా చదవండి.

మామూలు మాత్ర అరగంటలో పని మొదలుపెట్టి, మూడు నాలుగు గంటల్లో దిగిపోతుంది. డోసు ఎక్కువైతే ఆ లక్షణాలు మాత్ర వేసిన గంట, రెండు గంటల మధ్య కనబడాలి, ఎందుకంటే మందు రక్తంలో బాగా ఉండేది అప్పుడే. పిల్లవాడు మరీ నిశ్శబ్దంగా అయిపోవడం, ఒకే పని పట్టుకుని వదలకపోవడం, గోళ్ళు గిల్లుకోవడం, పెదాలు కొరుక్కోవడం, గుండె దడగా ఉందనడం, ఊరికే ఏడవడం. వీటిలో ఏదైనా ఆ సమయంలో కనబడితే డోసు ఎక్కువై ఉండొచ్చు. అలా కాకుండా బడి నుంచి వచ్చాక సాయంత్రం నాలుగైదు గంటల వేళ పిల్లవాడు చిరాకుపడి, వస్తువులు విసిరేసి, చెల్లెల్ని కొట్టి, మందు లేనప్పటి కంటే ఎక్కువ అల్లరి చేస్తే అది మందు ఎక్కువై కాదు, మందు దిగిపోతున్నప్పటి గొడవ. పగలంతా ఏమీ తినకుండా ఆకలి మీద ఉండటం కూడా దానికి తోడవుతుంది. ఈ రెండింటికీ మందు సర్దుబాటు పూర్తిగా వేరు. మొదటిదానికి తగ్గించాలి. రెండోదానికి ముందు పిల్లవాడికి ఏదైనా తినిపించి చూడాలి, అప్పటికీ తగ్గకపోతే డాక్టరు గారు వేళ మారుస్తారు, లేదా లాంగ్ యాక్టింగ్ రకానికి మారుస్తారు. గొడవ ఏ టైముకి వస్తోందో చెప్పకుండా మందు పడట్లేదు అని మాత్రమే చెబితే ఏ డాక్టరైనా పొరబడతాడు. కాబట్టి గడియారం చూసి రాసుకోండి.

ఇలా రాసుకోవడం వల్ల బయటపడిన ఒక కేసు చెప్తాను. రెండో తరగతి బాబు. నేనే పెంచుకుంటూ 20కి తీసుకెళ్ళాను. టీచరు నుంచి మంచి రిపోర్టు వచ్చింది, కదలకుండా కూర్చుంటున్నాడు, హోంవర్కు మొత్తం చేస్తున్నాడు, ఇంత మార్పు ఎప్పుడూ చూడలేదని. తండ్రికి సంతోషం, నాకూ సంతోషమే. వాళ్ళమ్మ మాత్రం మెల్లిగా ఒక మాట అంది: సార్, వీడు నవ్వడం మానేశాడు. నోటు పుస్తకంలో చూస్తే పొద్దున తొమ్మిదిన్నర, పదకొండు మధ్య గమ్మున కూర్చుంటున్నాడు, స్నేహితులు పిలిచినా కదలట్లేదు అని రాసి ఉంది. 15కి తగ్గించాం. వారానికి మళ్ళీ మామూలు పిల్లవాడయ్యాడు, కుదురు కూడా చాలావరకు నిలిచింది. పిల్లవాడు బొమ్మలా కూర్చోవడం మందు పనిచేస్తున్న గుర్తు కాదు. వాడు వాడిలాగే ఉండాలి, నవ్వాలి, అల్లరి కూడా కొంచెం చెయ్యాలి. అప్పటి నుంచి టీచరు రిపోర్టు చూడకముందే వాడు నవ్వుతున్నాడా అని తల్లిని అడుగుతున్నాను.

ఇక కొలవాల్సినవి. మందు మొదలుపెట్టే ముందు ఒకసారి, డోసు మార్చిన ప్రతిసారీ, ఆ తర్వాత ఆరు నెలలకోసారైనా బీపీ, నాడి చూడాలి. ఈ మందుల వల్ల సగటున నాడి నిమిషానికి మూడు నుంచి ఆరు దాకా, బీపీ రెండు నుంచి నాలుగు పాయింట్లు పెరుగుతుంది. అంత మాత్రం పెరుగుదల చాలామంది పిల్లలకి లెక్కలోది కాదు. కొందరికి మాత్రం అంతకంటే బాగా పెరుగుతుంది, వాళ్ళు ఎవరో ముందే చెప్పలేం కాబట్టి అందరికీ చూడాలి. పిల్లవాడు కదలకుండా కూర్చున్నప్పుడు కూడా నాడి 120 దాటి అలాగే ఉంటే డోసు పెంచకూడదు, తగ్గించి గుండె డాక్టరుకి చూపించాలి. బరువు పదేళ్ళ లోపు పిల్లలకి మూడు నెలలకోసారి, ఎత్తు ఆరు నెలలకోసారి. ఎత్తు గురించి అందరూ అడుగుతారు. ఏళ్ళ తరబడి ఆపకుండా వాడిన పిల్లల్లో సగటున ఒకటి రెండు సెంటీమీటర్లు తగ్గినట్టు పరిశోధనల్లో కనబడింది. అది పూర్తిగా కొట్టిపారేసే సంగతి కాదు, మందు మానేయాల్సినంత భయం కూడా అక్కర్లేదు. ఎత్తు గీత మందగిస్తుంటే డాక్టరుతో మాట్లాడి వేసవి సెలవుల్లో మందు ఆపి చూడటం లాంటివి చేస్తాం.

ఈసీజీ అందరికీ తీయాల్సిన పని లేదు. కానీ ఈ నాలుగు విషయాలు డాక్టరుకి చెప్పకుండా మొదటి మాత్ర కూడా వేయకూడదు: బాబుకి పుట్టుకతో గుండె లోపం ఏదైనా ఉందా, ఆడుకుంటూ ఎప్పుడైనా స్పృహ తప్పాడా, మీ రెండు వైపుల కుటుంబాల్లో చిన్న వయసులోనే ఉన్నట్టుండి గుండె ఆగి పోయినవాళ్ళు ఎవరైనా ఉన్నారా, ఇంట్లో ఎవరికైనా మతిభ్రమ లేదా బైపోలార్ జబ్బు ఉందా. చాలా ఇళ్ళలో మూడో ప్రశ్నకి వెంటనే లేదు అంటారు. బయటికి వెళ్ళాక అమ్మమ్మకి ఫోన్ చేస్తే, మీ చిన్న మామయ్య ఇరవై రెండేళ్ళకే క్రికెట్ ఆడుతూ పడిపోయాడు కదా అంటుంది. అందుకే నేను ఆ ఫోన్ నా ముందే చేయిస్తాను.

తిండి. ఆకలి తగ్గడం ఈ మందు వేసుకునే పిల్లల్లో ఎక్కువగా కనబడేది. పొద్దున మాత్ర ఇచ్చే ముందే కడుపునిండా టిఫిన్ పెట్టేయండి, ఇడ్లీ మీద నెయ్యి వేయండి, గుడ్డు పెట్టండి. మధ్యాహ్నం డబ్బా సగం వెనక్కి వస్తే తిట్టకండి, ఆ టైములో వాడికి నిజంగానే ఆకలి వేయదు. సాయంత్రం మందు దిగాక బాగా ఆకలి వేస్తుంది, అప్పుడు బిస్కెట్లతో సరిపెట్టకుండా అన్నం పెట్టేయండి, రాత్రి పడుకునే ముందు మళ్ళీ పెరుగన్నం. పిల్లల బరువు నిలబెట్టడానికి నేను చెప్పే సలహాల్లో అన్నిటికంటే పనిచేసింది ఇదే.

నిద్ర. మామూలు మాత్ర చివరి డోసు మధ్యాహ్నం మూడు లోపు అయిపోవాలి. ఉదయం మర్చిపోయారని సాయంత్రం వేయకండి, రెండు పూటలవి కలిపి ఒకేసారి అసలే వేయకండి. పోయిన డోసు పోయినట్టే.

మీకు తెలియకుండా జరిగే పొరపాట్లు రెండు ఉన్నాయి. మొదటిది, ఎస్‌ఆర్ అనో ఓడీ అనో రాసి ఉన్న లాంగ్ యాక్టింగ్ మాత్రని నూరడం. ఒక తల్లి పిల్లవాడు మింగలేకపోతున్నాడని నూరి పెరుగన్నంలో కలిపి పెట్టింది. ఎనిమిది గంటలు కొంచెం కొంచెంగా రావాల్సిన మందు ఒక్కసారిగా వచ్చేసింది, గుండె దడ, చెమటలు, రాత్రి రెండింటి దాకా నిద్ర లేదు. చీటీలో డోసు సరిగ్గానే ఉంది, నూరడం వల్లే అది ఓవర్‌డోసు అయింది. మింగలేని పిల్లలకి వేరే మార్గాలు ఉన్నాయి, అడగండి. కాన్సెర్టా లాంటి కొన్ని రకాల్లో మాత్ర పైపెంకు అలాగే మలంలో వచ్చేస్తుంది, మందు పనిచేయకుండా బయటికి వచ్చేసిందని కంగారుపడి ఇంకోటి వేసినవాళ్ళు కూడా ఉన్నారు. లోపలి మందు అప్పటికే ఒంట్లోకి వెళ్ళిపోయి ఉంటుంది, ఇంకోటి వేయకూడదు.

రెండోది, జలుబు మాత్రలు. మెడికల్ షాపులో జలుబుకి అని అడిగితే ఇచ్చేవాటిలో చాలావాటిలో ఫినైల్‌ఎఫ్రిన్ ఉంటుంది. అదీ బీపీని పెంచేదే, ఇదీ పెంచేదే. ఈ మందు వాడే పిల్లవాడికి జలుబు మందు కొనే ముందు షాపతనికి ఈ మాట చెప్పండి. అలాగే పెద్దవాళ్ళలో ఎంఏఓ ఇన్‌హిబిటర్ అనే పాత రకం డిప్రెషన్ మందులు వాడి పద్నాలుగు రోజులు గడవకముందు మెథైల్‌ఫెనిడేట్ మొదలుపెట్టకూడదు, బీపీ ప్రమాదకరంగా పెరుగుతుంది. లినెజోలిడ్ అనే యాంటీబయాటిక్‌కి కూడా ఆ గుణం కొంత ఉంది, మన దగ్గర మొండి టీబీకి దాన్ని వాడతారు కాబట్టి చెబుతున్నాను. గ్లకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు), అదుపులో లేని థైరాయిడ్ ఎక్కువ ఉన్నవాళ్ళు కూడా ముందే చెప్పాలి. కాఫీ, కూల్ డ్రింకులు, ఎనర్జీ డ్రింకులు దీని మీద వేస్తే దడ ఇంకా పెరుగుతుంది. ఎనిమిదేళ్ళ వాడికి ఆ గొడవ లేదు, ఇంటర్ పిల్లలకి ఉంది.

ఇంటర్ అన్నాను కాబట్టి ఒక మాట. హాస్టల్లో ఉండే పిల్లలు ఒకరి మాత్ర ఒకరికి ఇచ్చుకోవడం నేను చూస్తున్నాను. పరీక్షకి రెండు రోజుల ముందు స్నేహితుడి దగ్గర తీసుకుని ఒకేసారి 30 వేసుకున్న కుర్రాడిని ఒక రాత్రి నా దగ్గరికి తీసుకొచ్చారు, నాడి 140, వణుకు, ఎవరో తరుముతున్నారని భయం. రెండు రోజులకి కోలుకున్నాడు, పరీక్ష పోయింది. ఏడీహెచ్‌డీ లేనివాడికి ఈ మందు మార్కులు తెచ్చిపెట్టదు. మేలుకుని ఉండేలా మాత్రం చేస్తుంది, చదివింది నిలబడాలంటే నిద్ర కావాలి. ఏ వయసు వాళ్ళకైనా మాత్రలు తాళం వేసిన చోట పెట్టండి, వారానికోసారి లెక్కపెట్టండి. ఎవరైనా ఎక్కువ మింగారని అనుమానం వస్తే, విపరీతమైన వణుకు, ఒళ్ళు కాలిపోవడం, పిచ్చిగా మాట్లాడటం, ఫిట్స్, ఛాతీ నొప్పి ఉంటే 108కి ఫోన్ చేయండి, పొద్దున చూద్దాంలే అనుకోవద్దు.

చట్టం కూడా దీన్ని తేలిగ్గా తీసుకోలేదు. మన దేశంలో మెథైల్‌ఫెనిడేట్ కట్టుదిట్టంగా అమ్మాల్సిన మందుల జాబితా అయిన షెడ్యూల్ ఎక్స్‌లో ఉంది, ఎన్‌డీపీఎస్ అనే మాదకద్రవ్యాల చట్టం కిందకి కూడా వస్తుంది. డాక్టరు చీటీ రెండు కాపీలు రాయాలి, ఒకటి షాపు వాళ్ళు రెండేళ్ళు దాచాలి. అందుకే అన్ని షాపుల్లో దొరకదు, జిల్లాల నుంచి వచ్చేవాళ్ళు దీని కోసం హైదరాబాదో విజయవాడో పరుగెత్తాల్సి వస్తుంది, ఆ కష్టం నాకు తెలుసు. కానీ స్టాకు అయిపోయిందని ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకోకండి. రెండు రోజులు మందు లేకపోతే పిల్లవాడి అల్లరి తిరిగి వస్తుంది, అంతే. చాలా వారాలు ఆగిపోయి ఉంటే మాత్రం మళ్ళీ పాత డోసుతోనే మొదలుపెట్టకుండా డాక్టరుని అడగండి.

అమెరికాలో ఉన్న బంధువుల మాట విని టెన్షన్ పడేవాళ్ళు కూడా ఎక్కువే. అక్కడ పిల్లలకి, పెద్దలకి అడెరాల్, వైవాన్స్ లాంటి యాంఫెటమిన్ అనే వేరే మందు రకాలు బాగా రాస్తారు. అడెరాల్ 10, మెథైల్‌ఫెనిడేట్ 10 ఒకటి కాదు. యాంఫెటమిన్ ఒక్కో మిల్లీగ్రాముకి సుమారు రెట్టింపు బలం. మీ ఆడపడుచు కొడుకు 10 వేసుకుంటున్నాడు, మీవాడు 15 అంటే మీవాడే ఎక్కువ అని అర్థం కాదు. మందుల మధ్య ఇంకో తేడా కూడా ఉంది. 2024లో అమెరికాలోని మెక్లీన్ ఆసుపత్రి డాక్టర్లు ప్రచురించిన పరిశోధనలో, ఎక్కువ డోసు యాంఫెటమిన్ వాడిన యువకుల్లో మతిభ్రమ లేదా మేనియా (అదుపు లేని అతి ఉత్సాహం) వచ్చే అవకాశం ఐదు రెట్లకు పైగా కనబడింది, డెక్స్‌ట్రోయాంఫెటమిన్ అనే రకంతో లెక్కేస్తే రోజుకి 30 మిల్లీగ్రాములు, అంతకు మించి వాడినవాళ్ళలో. మెథైల్‌ఫెనిడేట్‌తో అంత పెరుగుదల కనబడలేదు. అలాగని ఇది పూర్తిగా నిరపాయం అనడం లేదు. చాలా ఏళ్ళు వాడిన కొద్దీ బీపీ జబ్బు కొంచెం ఎక్కువగా వస్తున్నట్టు స్వీడన్ లెక్కల్లో తేలింది. అందుకే ఏళ్ళు గడిచినా బీపీ చూడటం మానకూడదు అంటున్నాను.

ఇప్పుడు మీ తమ్ముడి సంగతి. తమ్ముడి మోడాఫినిల్, బాబు మెథైల్‌ఫెనిడేట్ ఒకే మందా అని కూడా అడిగారు. కాదు. కానీ ఈ రెండు జబ్బుల వైద్యం మొదట కలిసే నడిచింది. 1935లో యాంఫెటమిన్‌ని నార్కోలెప్సీకి వాడి చూశారు. 1937లో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో చార్లెస్ బ్రాడ్లీ అనే డాక్టరు అదే మందు పిల్లలకి ఇస్తే కుదురుగా చదువుకోవడం గమనించాడు. మెథైల్‌ఫెనిడేట్‌ని 1944లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీలో లియాండ్రో పానిజోన్ తయారుచేశాడు, భార్య ముద్దుపేరు రీటా కాబట్టి దానికి రిటాలిన్ అని పేరు వచ్చింది. ఇప్పటికీ మెథైల్‌ఫెనిడేట్‌ని నార్కోలెప్సీకి రాస్తాం. అంటే తమ్ముడికి ఆ మందు ఎప్పటికీ పనికిరాదని కాదు. రాయాలంటే బీపీ చూసి, గుండె సంగతి అడిగి, మోడాఫినిల్‌తో కలిపి ఇవ్వాలా, దాని బదులు ఇవ్వాలా తేల్చి రాయాలి. మేనల్లుడి సీసాలోంచి తీసుకోవడం అందులో ఏదీ కాదు, పైగా నెలాఖరుకి బాబుకి మాత్రలు తక్కువపడతాయి.

మోడాఫినిల్ మామూలు డోసు పొద్దున 200. తమ్ముడు వేసుకుంటున్న 400 ప్రాణం మీదికి తెచ్చే డోసు కాదు, అంత వేసి చూసిన పరిశోధనలు ఉన్నాయి. వాటిలో 200కి, 400కి తేడా నిలకడగా ఏమీ కనబడలేదు. పైగా ఈ మందు ఒంట్లో సగం తగ్గడానికే పదిహేను గంటల దాకా పడుతుంది. రెండో మాత్ర సాయంత్రం వేసుకుంటే రాత్రి నిద్ర చెడుతుంది, మర్నాడు ఇంకా మత్తుగా ఉంటుంది, ఇంకో మాత్ర వేసుకోవాలనిపిస్తుంది. నా దగ్గరికి వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు సరిగ్గా ఇదే చక్రంలో ఇరుక్కున్నాడు. రాత్రి అమెరికా కాల్స్ కోసం సాయంత్రం మాత్ర, పొద్దున మత్తు కోసం ఇంకో మాత్ర. మందు పెంచలేదు. మొత్తం డోసు అంతే ఉంచి పొద్దున సగం, మధ్యాహ్నం పన్నెండింటికి సగం చేశాం, ఆ తర్వాత మాత్ర వద్దన్నాం, భోజనం అయ్యాక ఆఫీసులోనే పదిహేను, ఇరవై నిమిషాల కునుకు తప్పనిసరి చేశాం. నార్కోలెప్సీకి ఆ కునుకు కూడా వైద్యమే, బద్ధకం అని ఎవరైనా అంటే చెప్పండి.

ఇంకో ప్రశ్న అడగండి తమ్ముణ్ణి: జబ్బు ఎలా తేల్చారు? రాత్రంతా నిద్ర పరీక్ష, మర్నాడు పగలు రెండు గంటలకోసారి కునుకు పరీక్ష చేసి, సగటున ఎనిమిది నిమిషాల్లోపే నిద్రలోకి జారుకోవడం, కనీసం రెండుసార్లు నేరుగా కలలు వచ్చే నిద్రలోకి వెళ్ళిపోవడం చూస్తే అప్పుడు నార్కోలెప్సీ అంటాం. ఇవేవీ చేయకుండా పగలు నిద్ర వస్తోందనగానే మోడాఫినిల్ మొదలుపెట్టినవాళ్ళు నా దగ్గరికి వస్తుంటారు, వాళ్ళలో గురక జబ్బు, అంటే నిద్రలో ఊపిరి ఆగే జబ్బు బయటపడ్డవాళ్ళు ఎందరో. వాళ్ళకి మాత్రలు ఎన్ని పెంచినా అసలు జబ్బు అలాగే ఉంటుంది. నవ్వినప్పుడో కోపం వచ్చినప్పుడో కాళ్ళు సడలిపోయి కూలబడే లక్షణం తమ్ముడికి ఉంటే అదీ డాక్టరుకి చెప్పాలి, మోడాఫినిల్ దానికి పనిచేయదు, వేరే మందు కావాలి. ఒంటి మీద దద్దుర్లు, నోట్లో పుండ్లు వస్తే మోడాఫినిల్ వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్ళాలి, అరుదే అయినా అది ప్రమాదకరమైన చర్మవ్యాధి కావచ్చు. ఇది చదివే ఆడపిల్లలకి ఒక మాట: గర్భం రాకుండా వాడే మాత్రల బలాన్ని మోడాఫినిల్ తగ్గిస్తుంది, అది ఆపాక కూడా ఒక నెలపాటు. గర్భంతో ఉన్నప్పుడు వాడకూడదు. ఈ మాట షాపుల్లో ఎవరూ చెప్పడం లేదు.

మళ్ళీ బాబు దగ్గరికి వస్తాను. ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. మాత్ర ఎన్నింటికి వేశారు, పదిన్నరకి ఎలా ఉన్నాడో టీచరుని అడిగి ఒక ముక్క, సాయంత్రం ఎన్నింటికి చిరాకు మొదలైంది, రాత్రి ఎన్నింటికి నిద్రపోయాడు, ఏం తిన్నాడు. ఆదివారం పొద్దున ఒకే కాటా మీద బరువు. రెండు వారాలు ఇలా రాసి తీసుకెళ్ళండి, బీపీ, నాడి ఎంత ఉన్నాయో మీరే అడిగి అందులో రాయించుకోండి. డోసు మీరు పెంచొద్దు, భయపడి మీరు తగ్గించొద్దు. వచ్చే అపాయింట్‌మెంట్ లోపే బరువు 23 కిందికి దిగితే, లేదా వరసగా నాలుగైదు రోజులు రాత్రి పదకొండు దాటినా నిద్ర పట్టకపోతే, ఆ తేదీ కోసం ఆగకుండా ముందే వెళ్ళండి.